గ్యాసు బావికి ముందే కొలత

పాలు పోసేటప్పుడే నమూనా తీయకపోతే వెన్నశాతంపై తగవు తేలదని సంఘ సభ్యులకు తెలుసు. గ్యాసు బావుల పక్కనున్న ఊళ్ళ ఆరోగ్యం సంగతీ అంతే. తవ్వకానికి ముందు నీరు, గాలి ఎలా ఉన్నవో కొలవకపోతే, తరువాత వచ్చిన జబ్బు దేనివల్లనో తేల్చడం కష్టం.

కోనసీమలో 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద ఓ.ఎన్.జి.సి. బావి నుంచి గ్యాసు ఎగదన్ని, 65 రోజుల వరకు మంటలు అదుపులోకి రాలేదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా మరణించారు. ఇవి అందరికీ కనిపించిన ప్రమాదాలు. కనిపించకుండా మెల్లగా చేసే కీడు వేరే ఉన్నది: బెంజీన్ వంటి ఆవిరులు, డీజిలు ఇంజన్ల పొగ, రేయింబవళ్ళు రొద, లారీల దుమ్ము, భూగర్భం నుంచి గ్యాసుతోపాటు వచ్చే ఉప్పునీరు.

ఇటువంటి కీడును ముందే అంచనా వేయు ప్రయత్నం అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని బాటిల్‌మెంట్ మీసాలో జరిగింది. ఊరి హద్దుల్లో సుమారు 200 బావులు తవ్వే ప్రతిపాదన రాగా, ప్రజల కోరికపై విశ్వవిద్యాలయ పరిశోధకులు గాలి, నీరు, రాకపోకలు, శబ్దం, ప్రమాదాలు, ఉపాధి మొదలైనవన్నీ పరిశీలించారు. 2010లో ముసాయిదా తయారైనా, 2011లో స్థానిక పాలకులు దానిని పూర్తికాకుండానే ముగించారు. బావులకు అర మైలు లోపు నివసించేవారికి దూరంగా ఉన్నవారికంటే ముప్పు ఎక్కువని ఆ పరిశోధకులు 2012లో ప్రకటించారు.

పశువులకూ ముప్పు లేకపోలేదు. 2010లో పెన్సిల్వేనియాలో ఒక గ్యాసు బావి మురుగునీటి గుంట కారి నీరు పచ్చికబీటికి చేరగా, ఆ రాష్ట్ర వ్యవసాయ శాఖ 28 పశువులను అమ్మకానికి పోనీయకుండా విడిగా ఉంచింది.

కనుక బావి తవ్వబోయే గ్రామాల సంఘాలు ఈ క్రింది పనులు చేయవలెను:

1. తాగునీటి బావులు, పశువుల నీటి తొట్ల నమూనాలను తవ్వకానికి ముందే ప్రయోగశాలలో పరీక్ష చేయించి, తరువాత అవే చోట్ల, అవే నెలల్లో మళ్ళీ చేయించవలెను. ఉప్పుదనం, బేరియం, మీథేన్ చూడమని అడగవలెను.

2. ఆయాసం, కంటి మంట, తలనొప్పి వచ్చిన తేదీలను ఆరోగ్య కేంద్రంలో నమోదు చేయించవలెను.

3. పాల దిగుబడి, పశువులు ఈసుకుపోవడం సంఘం పుస్తకంలో వ్రాయవలెను.

4. బావికి దూరంగా ఉన్న గ్రామం లెక్కలతో సరిపోల్చవలెను. కరువువల్లనో, ఋతువువల్లనో వచ్చిన మార్పును బావిపై వేయకూడదు. బావివల్ల వచ్చినదాన్ని కరువుపై నెట్టనీయకూడదు.

తేదీలతో వ్రాసిపెట్టిన లెక్క ఉంటే, ప్రజాభిప్రాయ సేకరణలోనైనా నష్టపరిహారం కోరేటప్పుడైనా మన మాటకు విలువ ఉంటుంది.