వెబ్‌సైట్ల వాడుక సౌలభ్యం: జాకబ్ నీల్సన్ పరిశోధనపై అపోహలు – వాస్తవాలు

మనుషులు కంప్యూటర్‌ను ఎలా వాడతారు, ఎక్కడ తడబడతారు, ఎందుకు తడబడతారు అన్నవి పరిశీలించే శాస్త్రశాఖలో జాకబ్ నీల్సన్ ప్రముఖుడు. 1957లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో పుట్టిన ఆయన, అమెరికాలోని బెల్‌కోర్, సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థల్లో పనిచేశారు. 1998లో డొనాల్డ్ నార్మన్‌తో కలిసి నీల్సన్ నార్మన్ గ్రూప్‌ను స్థాపించారు. ఆయన పరిశోధన ఫలితాలు సందర్భం వదిలేసి సూత్రాలుగా ప్రచారం కావడంతో కొన్ని అపోహలు పాతుకుపోయాయి.

అపోహ: వెబ్‌సైట్ వాడలేకపోతే తప్పు వాడేవారిదే.

వాస్తవం: తప్పు జరిగే వీలు కల్పించిన రూపకల్పనదే లోపం. నీల్సన్ 1990లో రోల్ఫ్ మోలిచ్‌తో కలిసి రూపొందించి, 1994లో మెరుగుపరిచిన పది సూత్రాల్లో తప్పు జరగకుండా చూడటం ఒకటి. జరిగితే దాన్ని సరిదిద్దుకునే దారి చూపడం మరొకటి. ఒక ఫారంలో పుట్టిన తేదీ గడి ఉందనుకుందాం. రోజు ముందా, నెల ముందా అన్నది చెప్పకుండా, అంతా నింపాక ‘వివరాలు చెల్లవు’ అని మాత్రమే చూపితే ఈ రెండు సూత్రాలూ దెబ్బతిన్నట్టే. రోజుకూ నెలకూ సంవత్సరానికీ వేర్వేరు గడులు పెడితే ఆ తికమకే ఉండదు.

అపోహ: ఐదుగురితో పరీక్షిస్తే లోపాలన్నీ బయటపడతాయి.

వాస్తవం: ఐదు అన్నది మంత్రసంఖ్య కాదు. నీల్సన్, థామస్ లాండవర్ 1993లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఒక్క వ్యక్తితో జరిపే పరీక్షలో సగటున 31 శాతం లోపాలు కనబడతాయి. రెండో వ్యక్తి వాటిలో కొన్నింటి దగ్గరే మళ్లీ ఆగిపోతారు, కొత్తవి కొన్నే చూపిస్తారు. ఇలా ఐదుగురు పూర్తయ్యేసరికి దాదాపు 85 శాతం లోపాలు తెలుస్తాయి. ఈ 31 శాతం వారు పరిశీలించిన ప్రాజెక్టుల సగటు మాత్రమే. లోపాలు అంత తేలిగ్గా బయటపడని చోట ఐదుగురు చాలరు. పైగా 2000లో నీల్సన్ ఇచ్చిన సలహా ఒక్కసారి పరీక్షించి ఊరుకోమని కాదు. పదిహేనుమందికి సరిపడా డబ్బుంటే ఐదుగురి చొప్పున మూడు విడతలుగా పరీక్షించి, విడతకూ విడతకూ మధ్య లోపాలు సరిదిద్దాలన్నారు. పిల్లలు, తల్లిదండ్రులు వంటి భిన్న వర్గాలు వాడే సైటైతే ఏ వర్గానికి ఆ వర్గాన్ని విడిగా పరీక్షించాలి.

అపోహ: వాడేవారిని అడిగితే ఏం కావాలో చెప్పేస్తారు.

వాస్తవం: మనుషులు చెప్పేదానికీ చేసేదానికీ తేడా ఉంటుంది. అందుకే నీల్సన్ అడగడం కంటే చూడటానికే ప్రాధాన్యమిచ్చారు. పరీక్షకు వచ్చినవారికి ‘ఈ సైటులో ఒక టికెట్ కొనండి’ వంటి పని అప్పగించి, మనసులో అనుకునేది పైకి చెబుతూ చేయమంటారు. పరిశీలకుడు సాయం చేయకుండా పక్కన కూర్చుని, చేతిలోని మౌస్ ఎక్కడ ఆగిందో, ఏ మాట దగ్గర సందేహం వచ్చిందో రాసుకుంటాడు. ‘సైటు బాగుంది’ అని చెప్పిన వ్యక్తే పని పూర్తిచేయలేకపోయిన సంగతి ఇలా చూస్తేనే తెలుస్తుంది.

అపోహ: ఏ సమాచారమైనా మూడు క్లిక్‌లలో దొరకాలి.

వాస్తవం: దీనికి పరిశోధన ఆధారం లేదు. 2003లో జాషువా పోర్టర్ వెల్లడించిన అధ్యయనంలో క్లిక్‌ల సంఖ్యకూ పని పూర్తికావడానికీ సంబంధం కనబడలేదు. సరైన దారిలోనే వెళ్తున్నామన్న నమ్మకం ప్రతి లింకులోనూ కలగడమే ముఖ్యం.

అపోహ: పాఠకుల చూపు ఇంగ్లిష్ ‘ఎఫ్’ ఆకారంలో సాగుతుంది కాబట్టి పేజీనీ అలాగే అమర్చాలి.

వాస్తవం: 2006లో 232 మంది కంటి కదలికలను నమోదు చేసినప్పుడు ఈ ఆకారం కనబడింది. పై వరుసలు అడ్డంగా చదివి, ఆ తర్వాత ఎడమ అంచు వెంట కిందికి జారిపోవడమే ఇది. ఉపశీర్షికలు లేకుండా అక్షరాలు కిక్కిరిసిన పేజీల్లో ఇలా జరుగుతుంది. కుడివైపున్న ముఖ్య విషయాలు చూపు తప్పిపోతాయి. ఇది అనుసరించాల్సిన నమూనా కాదు, నివారించాల్సిన లక్షణం. అర్థవంతమైన ఉపశీర్షికలు, చిన్న పేరాలు, ముఖ్యాంశం ముందుగా చెప్పడం దీనికి విరుగుడు.

అపోహ: ఎవరూ పేజీని కిందికి జరిపి చూడరు.

వాస్తవం: వెబ్ తొలినాళ్లలో ఇది చాలావరకు నిజమే. అలవాటు మారిందని నీల్సన్ 1997లోనే ప్రకటించారు. అయినా 2018లో నీల్సన్ నార్మన్ గ్రూప్ ప్రచురించిన అధ్యయనంలో పాఠకులు చూసే సమయంలో 57 శాతం మొదటి తెరమీదే గడిచింది. కాబట్టి కింద ఏముందో పైభాగమే తెలియజెప్పాలి.