మీకు తెలుసా? మొదటిసారి పనిచేయని టీకా మళ్లీ వేస్తే పనిచేయవచ్చు

● టీకా వేశాక యాంటీబాడీలు తయారుచేసేవి బి కణాలు. సీడీ4 కణాలు సాయం పట్టకపోతే వాటి పని అంతంతమాత్రంగానే సాగుతుంది. హెచ్‌ఐవీ దూరేది సరిగ్గా ఆ సీడీ4 కణాల్లోకే. మామూలుగా ఘనపు మిల్లీమీటరు రక్తంలో 500 నుంచి 1,500 దాకా ఉండే ఈ కణాలు 200 కంటే తగ్గితే టీకా ఫలితమూ బాగా పడిపోతుంది. తట్టు, ఆటలమ్మ టీకాల్లో బలం తగ్గించిన సజీవ వైరస్ ఉంటుంది కాబట్టి ఆ దశలో వాటిని వేయరు. హెచ్‌ఐవీని అణిచే ఏఆర్‌టీ మందులు మానకుండా వాడి, రక్తంలో వైరస్ పరిమాణం (వైరల్ లోడ్) అదుపులో ఉండి, సీడీ4 కోలుకున్నవారి సంగతి వేరు. కోవిడ్ బూస్టర్‌తో వీళ్లలో చాలామందికి యాంటీబాడీలు హెచ్‌ఐవీ లేనివాళ్లతో దాదాపు సమానంగానే పెరిగాయి.

● హెచ్‌ఐవీ సోకే దారుల్లోనే హెపటైటిస్-బి కూడా సోకుతుంది: రక్తం, లైంగిక సంపర్కం, తల్లి నుంచి బిడ్డకు. అందుకే హెపటైటిస్-బి టీకా హెచ్‌ఐవీ ఉన్నవారికి తప్పనిసరి. చిక్కల్లా ఏమిటంటే, ఆరోగ్యవంతులైన పెద్దల్లో నూటికి 90 మందికి పైగా రక్షణ ఇచ్చే మూడు డోసులు వీరిలో చాలామందికి చాలవు. 2011లో ఫ్రాన్స్ పరిశోధకులు మామూలు పద్ధతిలో 65 శాతం మందికే రక్షణ వచ్చిందని, రెట్టింపు మోతాదుతో నాలుగుసార్లు వేస్తే అది 82 శాతానికి చేరిందని చూపించారు.

2024 చివర్లో వచ్చిన ఫలితాలు ఇంకా ఆశ కలిగించేవి. అంతకుముందు టీకా వేయించుకున్నా రక్షణ రాని హెచ్‌ఐవీ బాధితులకు హెప్లిసావ్-బి అనే కొత్త టీకా ఇచ్చారు. రెండు డోసులతో 93 శాతం, మూడు డోసులతో 99 శాతం మందికి రక్షణ వచ్చింది. పాత రకం టీకానే మళ్లీ మూడుసార్లు వేసినవారిలోనూ 81 శాతం మందికి వచ్చింది. ఈ అంకెల్లో నన్ను ఎక్కువగా కదిలించింది ఆ 81. ‘నీకు టీకా పనిచేయదు’ అనిపించుకుని వెనుదిరిగిన మనిషికి, కొత్త టీకా దొరకని ఊళ్లో కూడా, ఇంకో అవకాశం ఉందన్నమాట.

● ఆ కొత్త టీకాకు బలమిచ్చింది సీపీజీ 1018 అనే సహాయక పదార్థం. బ్యాక్టీరియా డీఎన్ఏ ముక్కను పోలి ఉండి, రోగనిరోధక కణాలను తట్టిలేపుతుంది. హైదరాబాద్‌లోని బయోలాజికల్ ఇ తయారుచేసిన కోర్బెవాక్స్‌లోనూ ఉన్నది ఇదే. 2022 మార్చి నుంచి మన 12–14 ఏళ్ల పిల్లలకు వేసిన కోవిడ్ టీకా అది. భారతదేశపు తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా కూడా 1997లో హైదరాబాద్ నుంచే, శాంతా బయోటెక్నిక్స్ నుంచి వచ్చింది.

● హెపటైటిస్-బి టీకా వేయించుకున్న ఆరోగ్యవంతులకు సాధారణంగా మళ్లీ రక్తపరీక్ష అక్కర్లేదు. హెచ్‌ఐవీ ఉంటే మాత్రం చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు చేయించాలి. యాంటీబాడీలు లీటరుకు 10 అంతర్జాతీయ యూనిట్లకు తగ్గకూడదు. ఈ పరీక్ష సంగతి డాక్టరుగారు ఎత్తకపోతే మీరే అడగండి.

● టీకా వేస్తే ఒంట్లో హెచ్‌ఐవీ పెరుగుతుందన్న భయం గాల్లోంచి పుట్టింది కాదు. 1996లో అమెరికాలో హెచ్‌ఐవీ ఉన్నవారికి ధనుర్వాతం బూస్టర్ వేసి చూస్తే ఆ వైరస్ కొన్నాళ్లు నిజంగానే పెరిగింది. అది నేటి సమర్థమైన మందులు విస్తృతంగా అందక ముందు మాట. ఏఆర్‌టీ వాడుతున్నవారిలో అలాంటి స్వల్ప పెరుగుదల కనిపించినా త్వరలోనే తగ్గిపోతుంది, హాని చేయదు.

● న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ బ్యాక్టీరియాకు వేసే టీకా రకం మారితే ఫలితమే తిరగబడింది. ఉగాండాలో ఆ బ్యాక్టీరియా 23 రకాలపై పనిచేసే, ప్రోటీన్ జతచేయని టీకా వేసిన హెచ్‌ఐవీ బాధితుల్లో న్యుమోనియా తగ్గకపోగా పెరిగిందని 2000లో తేలింది. మలావీలో ప్రోటీన్ జతచేసిన 7 రకాల టీకా, ఆ రకాల వల్ల మళ్లీ వచ్చే తీవ్ర జబ్బును 74 శాతం తగ్గించిందని 2010లో వెల్లడైంది. ప్రోటీన్ ఉంటేనే సీడీ4 కణాలు సాయానికి వస్తాయి.

● హెచ్‌ఐవీతో పుట్టిన పిల్లలకు ఏఆర్‌టీ మొదలుకాక ముందు వేసిన తట్టు టీకా రక్షణ నిలవకపోవచ్చు. మందులతో సీడీ4 కోలుకున్నాక మరో డోసు వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. టీకా కార్డు చూసి ‘వేసేశారు కదమ్మా’ అని తల్లిని పంపేయకుండా, ఆ తేదీ మందులకు ముందుదా, తర్వాతదా అని చూడాలి.