నోబితాకు ఉద్యోగం ఎందుకు రాలేదు?

బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ విసిరేసి టీవీ ముందు కూర్చుని చూసిన డోరేమాన్ గుర్తుందా? ఉద్యోగ వేటలో ఉన్న ఈ రోజుల్లో దాన్ని మరోసారి చూడండి. అప్పుడు నవ్వొచ్చిన చోటే ఇప్పుడు కాస్త గుచ్చుకుంటుంది. పనికొచ్చే సంగతులూ దొరుకుతాయి.

గుడివాడలో మచిలీపట్నం రైలెక్కారు. సీటు దొరికింది. ఫోన్‌లో ప్లేస్‌మెంట్ గ్రూపు తెరిస్తే ఎవరికో ఆఫర్ వచ్చిందని అభినందనల వరద. మీ పేరు లేదు. గ్రూపు మూసేసి, ఏదో ఒకటి చూద్దామని వెతుకుతుంటే నీలం రంగు పిల్లి రోబో కనిపించింది. గుడ్లవల్లేరు దాటి పెడన వచ్చేలోగా రెండు కథలు అయిపోయాయి. అరే, ఈ నోబితా అచ్చం మనలాగే ఉన్నాడే అనిపించిందా? అనిపిస్తే తప్పేం లేదు. ఎందుకంటే ఈ కథ మొదలైందే ఒక కుర్రాడికి ఉద్యోగం రాకపోవడంతో!

అసలు కథ ఇదీ

డోరేమాన్ బొమ్మల కథగా 1969 డిసెంబరులో జపాన్ పిల్లల పత్రికల్లో మొదలైంది. సృష్టికర్త ఫుజికో ఎఫ్. ఫుజియో. మన దేశంలో 2005 నుంచి హంగామా టీవీలో వచ్చింది. తెలుగు డబ్బింగ్ దొరికితే తెలుగులో, లేకపోతే హిందీలో మీరూ చూసే ఉంటారు.

చాలామందికి గుర్తుండేది టేబుల్ సొరుగులోంచి రోబో బయటికి రావడం. ఎందుకొచ్చిందో మాత్రం చిన్నప్పుడు పట్టించుకోం. మొదటి కథలో నోబితా ముందు అతని భవిష్యత్తు ఫొటో ఆల్బమ్ ఒకటి తెరుచుకుంటుంది. కాలేజీ ప్రవేశ పరీక్ష తప్పాడు. ఉద్యోగం రాలేదు. గతిలేక సొంత కంపెనీ పెడితే అది కాస్తా అగ్నికి ఆహుతైంది. ఆ అప్పులు వంద ఏళ్ల తర్వాతి తరాలనూ వదల్లేదు. అందుకే నాలుగు తరాల తర్వాతి మనవడు సెవాషి, తాత బతుకును బాగుచేయమని డోరేమాన్‌ను కాలంలో వెనక్కి పంపుతాడు.

అదే కథలో నోబితాకు ఓ అనుమానం వస్తుంది. ‘నా జీవితం మారిపోతే నువ్వు పుట్టవు కదా?’ అని. సెవాషి సమాధానం ఏమిటంటే, వెళ్లే దిక్కు సరైనదైతే ఏ బండి ఎక్కినా చేరే ఊరు ఒకటే. మన భాషలో చెప్పాలంటే, బందరు నుంచి బెజవాడకు పామర్రు మీదుగా బస్సులో వెళ్లొచ్చు, గుడివాడ మీదుగా రైల్లోనూ వెళ్లొచ్చు. క్యాంపస్ డ్రైవ్ అనే బస్సు తప్పిపోయినంత మాత్రాన ఊరు చేరలేమని కాదు. అప్రెంటిస్‌షిప్, పోటీ పరీక్ష, చిన్న కంపెనీలో మొదటి కొలువు... ఇవీ దారులే. కాకపోతే ఏదో ఒకటి ఎక్కాలి. బస్టాండులో కూర్చుని పోయిన బస్సు గురించి బాధపడుతుంటే మాత్రం కుదరదు.

సెలెక్ట్ కాని రోబో

ఇంకో విశేషం చూడండి. నోబితాను బాగుచేయడానికి వచ్చిన డోరేమానే ఒక లోపమున్న రోబో. 2112 సెప్టెంబరు 3న కర్మాగారంలో పుట్టాడన్నది కథ. అతని పుట్టుక గురించి 1995లో వచ్చిన చిత్రంలో రోబోల బడి ఉంటుంది. అక్కడ మనవాడు వెనకబడిన వాళ్ల క్లాసులో పడతాడు. చదువు అయ్యాక కొనుగోలుదారుల ముందు రోబోలన్నీ తమ విద్యలు ప్రదర్శించాలి. అంటే మన క్యాంపస్ డ్రైవ్ లాంటిదే! డోరేమాన్ ప్రదర్శన అభాసుపాలవుతుంది. చివరికి పసిపిల్లాడైన సెవాషి బటన్ నొక్కేయడంతో అతనికి ఓ ఇల్లు దొరుకుతుంది.

తెర వెనకా అలాంటి కథే ఉంది. డోరేమాన్ మొదటిసారి టీవీకి వచ్చింది 1973 ఏప్రిల్‌లో. ఆర్నెల్లకే ఆగిపోయింది. మళ్లీ 1979లో వేరే ఛానెల్, వేరే స్టూడియోతో కొత్తగా మొదలుపెట్టారు. ఈసారి 2005 దాకా, అంటే 26 ఏళ్లు నడిచింది. ఆ తర్వాత కొత్త గొంతులతో వచ్చిన సిరీస్ ఇప్పటికీ వస్తూనే ఉంది. జపాన్ విదేశాంగ శాఖ 2008లో డోరేమాన్‌ను తమ దేశ ‘యానిమే రాయబారి’గా నియమించింది.

కాబట్టి మొదటి డ్రైవ్‌లో పేరు రాలేదని ‘ఇక మనవల్ల కాదులే’ అనుకునే ముందు ఈ లెక్క గుర్తుచేసుకోండి. అయితే ఒక్క మాట. రెండోసారి అదే సరుకును అలాగే తీసుకురాలేదు. మనుషులను మార్చారు, తీరు మార్చారు. మీరూ అదే రెజ్యుమేను పదో కంపెనీకి పంపేముందు తొమ్మిది కంపెనీలు ఎక్కడ ఆపాయో చూసుకోవాలి. ఆప్టిట్యూడ్‌లోనా, గ్రూప్ డిస్కషన్‌లోనా, టెక్నికల్ రౌండ్‌లోనా? ఆగిన చోటే మార్పు జరగాలి.

మెమరీ బ్రెడ్ తింటున్నారా?

డోరేమాన్ జేబులోని వస్తువుల్లో విద్యార్థులందరికీ ఇష్టమైనది మెమరీ బ్రెడ్. పుస్తకంలోని పేజీకి బ్రెడ్‌ను అద్ది తినేస్తే చాలు, పేజీ మొత్తం బుర్రలోకి ఎక్కేస్తుంది. నోబితా పరీక్ష ముందు అదేపనిగా తిన్నాడు. కడుపు చెడింది. తిన్నదంతా పోయింది, చదివిందీ దాంతోపాటే పోయింది!

ఆ బ్రెడ్ ఇప్పుడు మన ఫోన్‌లోకి వచ్చేసింది. దాని పేరు ఏఐ. అసైన్‌మెంటు కావాలా? రెండు నిమిషాలు. ప్రాజెక్టు రిపోర్టు? పది నిమిషాలు. రెజ్యుమేలో ‘కెరీర్ ఆబ్జెక్టివ్’? అడిగితే చాలు. తినడానికి రుచిగానే ఉంటుంది. చిక్కంతా ఇంటర్వ్యూ గదిలో మొదలవుతుంది. ‘ఈ ప్రాజెక్టులో మీరు చేసిందేమిటి?’ అన్న మొదటి ప్రశ్నకు బట్టీపట్టిన జవాబు సరిపోతుంది. ‘ఈ సెన్సరే ఎందుకు వాడారు?’ అన్న రెండో ప్రశ్నకు నీళ్లు నమలాల్సి వస్తుంది. ‘అది పనిచేయకపోతే ఏం చేసేవారు?’ అన్న మూడో ప్రశ్నకు బ్రెడ్ అంతా కరిగిపోతుంది.

దివిసీమ కుర్రాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. డీఎస్సీ కోచింగ్‌కు అవనిగడ్డ ఎంత పేరున్న ఊరో మీకు తెలుసు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి, గదులు అద్దెకు తీసుకుని, తెల్లవారుజామునే పుస్తకం పట్టే అభ్యర్థులను రోజూ చూస్తూనే ఉంటారు. వాళ్లెవరి దగ్గరా ఆ బ్రెడ్ లేదు. చదివింది మర్చిపోవడం, మళ్లీ చదవడం, మాక్ టెస్టులో తప్పు చేయడం, దాన్ని దిద్దుకోవడం. ఉన్నదల్లా ఇదే.

నూటికి నూరు, ఆపైన దెబ్బలు

కంప్యూటర్ పెన్సిల్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. చేత్తో పట్టుకుంటే చాలు, సరైన జవాబులు అదే రాసేస్తుంది. రేపటి పరీక్షకు దాన్ని తీసుకెళ్దామని నోబితా సిద్ధమవుతాడు. కానీ చివరి క్షణంలో మనసొప్పక మానేస్తాడు. ఈలోగా జియాన్ దాన్ని కొట్టేసి నూటికి నూరు తెచ్చుకుంటాడు. ఇంట్లో పండగే అనుకున్నాడు. వాళ్ల నాన్న మాత్రం ‘నీకిన్ని మార్కులెక్కడివి? మోసం చేశావు’ అని పట్టుకుని వాయిస్తాడు.

మీ రెజ్యుమే చూసే అధికారి కూడా జియాన్ వాళ్ల నాన్న లాంటివాడే. కాగితం మీద మెరిసే ఇంగ్లిష్, మాట్లాడితే తడబాటు ఉంటే తేడా ఇట్టే పట్టేస్తాడు. అలాగని ఏఐని ముట్టుకోవద్దని కాదు. ఇప్పుడు దాన్ని వాడటం కూడా నైపుణ్యమే. డోరేమాన్ వస్తువులేవీ చెడ్డవి కావు. చెయ్యాల్సిన పనిని తప్పించుకోవడానికి వాడినప్పుడే బెడిసికొట్టాయి. జవాబు రాసిపెట్టమని కాకుండా ‘నన్ను ప్రశ్నలు అడుగు, నా జవాబులో తప్పులు చూపించు’ అని అడిగి చూడండి. అప్పుడది పెన్సిల్ కాదు, ట్యూషన్ మాస్టారు.

ఆ జేబు బందరులోనే ఉంది

చీకట్లోనూ కనిపించే కళ్లద్దాలు డోరేమాన్ జేబులోంచి వస్తే చిన్నప్పుడు నోరెళ్లబెట్టేవాళ్లం. అలాంటి పరికరాలు మన బందరులోనే తయారవుతున్నాయి. 1926లో ఇక్కడ మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ తీసుకుంది. మన సైన్యానికి నైట్ విజన్ పరికరాలు అందిస్తున్న యూనిట్ ఇదే. పామర్రు మండలం నిమ్మలూరులో కొత్తగా నైట్ విజన్ ఉత్పత్తుల కర్మాగారమూ వచ్చింది.

బీటెక్ ఎలక్ట్రానిక్స్, మెకానికల్, డిప్లొమా, ఐటీఐ చేసినవాళ్లు ఈ సంస్థ వెబ్‌సైట్‌లో కెరీర్స్ పేజీని వారానికోసారి చూడటం అలవాటు చేసుకోండి. ట్రెయినీ ఇంజినీర్, అప్రెంటిస్ ప్రకటనలు అక్కడే వస్తాయి. డిగ్రీ, డిప్లొమా అభ్యర్థులు కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్ ‘నాట్స్’లో పేరు నమోదు చేసుకుని ఉంచుకుంటే, ప్రకటన వచ్చాక హడావుడి పడక్కర్లేదు.

రోబో అంటే రెండు కాళ్ల మీద నడవాలనేం లేదు. వరి చేలపై మందు చల్లే డ్రోన్ కూడా రోబోనే. రొయ్యల చెరువులో వేళకు మేత వేసే ఆటో ఫీడరూ అంతే. ఇవి పాడైతే బాగుచేసేవాళ్లు కావాలి, సెన్సర్లు అమర్చేవాళ్లు కావాలి, రైతుకు అర్థమయ్యేలా చెప్పేవాళ్లు కావాలి. ఫైనలియర్ ప్రాజెక్టును నెట్‌లోంచి దింపే బదులు నాగాయలంకలోనో, కోడూరులోనో ఓ చెరువు గట్టు మీద నాలుగు రోజులు కూర్చోండి. రాత్రిపూట ఏరేటర్ ఆగిపోతే రైతుకు కబురు ఎలా అందాలి? ఈ ఒక్క సమస్యకు మీ చేతులతో చేసిన పరిష్కారం, ముతకగా ఉన్నా సరే, పైన చెప్పిన మూడు ప్రశ్నలకూ నిలబడుతుంది.

హిందీ వచ్చేసింది, జపనీస్ రాదా?

మీలో ఎంతమందికి హిందీ ఈ కార్టూన్లతోనే అలవాటైంది? చిన్న విషయమేం కాదిది. పిల్లలు హిందీకి అలవాటుపడుతున్నారన్న ఆందోళనతో 2013లో బంగ్లాదేశ్ హిందీ డోరేమాన్ ప్రసారాలనే నిలిపేసింది! అంటే వ్యాకరణ పుస్తకం ముట్టకుండానే భాష నేర్చుకోగల శక్తి మీకు ఉన్నట్టే.

జపనీస్ మనకు మరీ పరాయి భాషేమీ కాదు. ‘నేను అన్నం తింటాను’ అనడానికి వాళ్లు ‘వతాషి వ గోహన్ ఓ తబెమస్’ అంటారు. కర్త, కర్మ, చివర్లో క్రియ... అచ్చం తెలుగు వరసే. విభక్తి ప్రత్యయాల్లాంటివీ పదం వెనకే వస్తాయి. లిపి మాత్రం ఓపిక కోరుతుంది. జేఎల్‌పీటీ పరీక్షలో ఎన్5 తొలి మెట్టు, ఎన్1 చివరి మెట్టు. నైపుణ్యమున్న కార్మికులను పంపేందుకు 2021 జనవరిలో భారత్, జపాన్ ఒప్పందం చేసుకున్నాయి. వృద్ధుల సంరక్షణ, వ్యవసాయం, తయారీ వంటి రంగాలకు భాషా పరీక్షతోపాటు నైపుణ్య పరీక్ష కూడా రాయాలి. ‘పరీక్ష అక్కర్లేదు, డబ్బు కడితే చాలు’ అనే ఏజెంటు దగ్గర ఒక్క నిమిషం కూడా కూర్చోవద్దు. విదేశాలకు పంపుతామనేవారి వివరాలు విదేశాంగ శాఖ ‘ఈ-మైగ్రేట్’ పోర్టల్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇలా చేసి చూడండి

• రెజ్యుమేలోని ప్రతి లైనుకూ ‘ఎందుకు, ఎలా, కుదరకపోతే?’ అని మూడు ప్రశ్నలు మీరే వేసుకోండి. జవాబు లేని లైను తీసేయండి.

• ఏఐతో రాసుకున్న పరిచయాన్ని చూడకుండా, మీ మాటల్లో, నిమిషంన్నరలో ఫోన్‌లో రికార్డు చేయండి. విని మళ్లీ చెప్పండి.

• ‘మీ బలహీనత ఏమిటి?’ అంటే ‘ఎక్కువ కష్టపడతాను’ అనకండి. నిజమైనది ఒకటి చెప్పి, దాన్ని సరిచేసుకోవడానికి ఈ నెలలో చేసిన పని చెప్పండి.

• ఆగిపోయిన ప్రతి ఇంటర్వ్యూ గురించి తేదీ, రౌండు, రాని ప్రశ్న ఒక నోట్‌బుక్‌లో రాయండి. మీ ఆల్బమ్ అదే. అందులో తర్వాతి పేజీలు మార్చుకునే వీలుంది.

జేబు లేని రాత్రి

డోరేమాన్ భవిష్యత్తుకు తిరిగి వెళ్లిపోవాల్సి వచ్చే కథ ఒకటుంది. 2014 నాటి ‘స్టాండ్ బై మీ డోరేమాన్’ చిత్రంలోనూ కనిపిస్తుంది. ఆఖరి రాత్రి నోబితాకు జియాన్ ఎదురుపడతాడు. అలవాటు ప్రకారం డోరేమాన్‌ను పిలవబోయి ఆగిపోతాడు. నా సంగతి నేను చూసుకోలేకపోతే వాడు నిశ్చింతగా వెళ్లలేడు కదా అనుకుంటాడు. దెబ్బలు తింటాడు, పడతాడు, లేస్తాడు, మళ్లీ పట్టుకుంటాడు. చివరికి విసిగిపోయి జియానే ‘ఓడిపోయాను పో’ అంటాడు. అన్నేళ్లూ జేబులోంచి వచ్చిన ఏ వస్తువూ గెలిపించలేని జియాన్‌ను నోబితా వట్టి చేతులతో గెలిచాడు.

మీ విషయంలో ఆ జేబు అమ్మానాన్నలు కావచ్చు. సాగు మీద వచ్చిన డబ్బుతో ఫీజు కట్టిన నాన్న, ‘ఈసారి వస్తుందిలేరా’ అనే అమ్మ. మీరు నిలదొక్కుకున్నారని తెలిస్తేనే వాళ్లకు నిద్ర పడుతుంది. ఈ రాత్రి ఆ కథ ఒకసారి చూడండి. ఆ తర్వాత రెజ్యుమే తెరిచి, మీరు వివరించలేని లైను ఎక్కడుందో వెతకండి. రేపు పొద్దున పని అక్కడి నుంచే మొదలుపెట్టండి.