పావు పెద్దదా, వీసం పెద్దదా?

తిరువళ్లూరు ఆఫీసు నుండి సాయంకాలపు రైలులో తిరుత్తణి చేరి మేము ఇంటికి వచ్చుసరికి, అయిదవ తరగతి చదివే మా తమ్ముని కూతురు నోటుపుస్తకము ముందు పెట్టుకొని ఏడ్చుచున్నది. నాలుగవ వంతు కన్న ఎనిమిదవ వంతు పెద్దదని వ్రాసినదట.

"నాలుగు కన్నా ఎనిమిది పెద్దదే కదా, పెద్దనాయనా! నాకు లెక్కలు రావు" అన్నది.

తప్పు దిద్దవచ్చును. ఆ రెండవ మాటకే మాకు భయము కలిగినది.

వంటింటిలో నుండి మా అమ్మ, "పావు పెద్దదా, వీసం పెద్దదా అని అడగరా!" అన్నది. వీసమనగా పదహారవ వంతు. వాటాదారులు పెరిగిన కొద్దీ వాటా తరుగునని ఆ మాటలలోనే ఉన్నది. పాత తెలుగు లెక్కలలో పావులకు నిలువు గీతలు, వీసాలకు అడ్డ గీతలు వేసెడివారు. నాలుగు వీసాలైతే ఒక పావు.

1957లో నయాపైసలు వచ్చువరకు రూపాయికి పదహారు అణాలు. ఎనిమిదింట అయిదు వంతులు పెద్దవా, పదహారింట తొమ్మిది వంతులు పెద్దవా అంటే, పది అణాలు, తొమ్మిది అణాలు అని అంగడికి పోయే పిల్లవాడు సయితము చెప్పగలిగెడివాడు. బడిలో హారములను సమము చేయుటయనునది ఇదియే.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రములో చేరినది. మన పిల్లలలో పలువురికి ఇంటి మాట తెలుగు, బడి చదువు తమిళము. అయినను చిక్కు లేదు. మన అర అక్కడ అరై, పావు కాల్, వీసము వీసమే.

మరునాడు మేము దోసెలు కోసి చూపబోయి నవ్వులపాలైతిమి. పెద్ద దోసెను మూడు ముక్కలుగా, చిన్నదానిని రెండుగా కోసితిమి. మూడవ వంతే సగము కన్న పెద్దదిగా కనబడినది! పోల్చునప్పుడు మొత్తము ఒకటే కావలెనని అప్పుడు చెప్పితిమి.

"అవును పెద్దనాయనా, కొండకు 365 మెట్లు. వాటిలో పావు ఎక్కినా మన మిద్దె మెట్లన్నిటి కన్నా ఎక్కువే!" అని బిడ్డయే అన్నది.

లెక్కలు రావన్న బిడ్డ మాటేనా ఇది? తలిదండ్రులారా, అర, పావు, ముప్పావు, వీసము అను మాటలను ఇంట వాడుకలో ఉంచుడు. పిల్లలను అంగడికి పంపి, ముప్పావు కిలో, అర కిలో వారిచేతనే అడిగించుడు. తనకు లెక్కలు రావని ఏ బిడ్డయు అనుకొనకముందే ఈ పని జరుగవలెను.