పదమూడేళ్ళ గొంతుకు ఏ శ్రుతి?

హైస్కూల్లో సంగీతం చెప్పించాలంటే ఏం కావాలి అని అడిగితే జవాబులు వరసగా వస్తాయి. టీచరు కావాలి, హార్మోనియం కావాలి, ఒక గది కావాలి, అన్నిటికంటే ముందు జీవో కావాలి. ఇవన్నీ వచ్చాక కూడా మొదటి పీరియడ్‌లోనే ఒక చిక్కు ఎదురవుతుంది. దాని ఊసు ఏ జీవోలోనూ ఉండదు. ఆ చిక్కు పేరు ఎనిమిదో తరగతి అబ్బాయి గొంతు.

పట్టిసీమ, పోలవరం చుట్టుపక్కల ఏ హైస్కూలుకైనా వెళ్ళి పొద్దున ప్రార్థన వేళ ఒక పక్కగా నిలబడి వినండి. జాతీయగీతం ఎత్తుకునేది మామూలుగా ముందు నిలబడ్డ ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు. వాళ్ళకు వీలుగా ఉండేది అయిదు, అయిదున్నర శ్రుతి. ఆరో తరగతి పిల్లలు, ఆడా మగా తేడా లేకుండా, అందులో హాయిగా కలిసిపోతారు. చివరి వరసల్లో పదో తరగతి అబ్బాయిలు కింది స్థాయిలో గొణుగుతారు. మధ్యలో ఎనిమిది, తొమ్మిది తరగతుల అబ్బాయిలు పెదవులు మాత్రం కదుపుతారు. డ్రిల్లు మాస్టారు దీన్ని దేశభక్తి లోపం కింద జమకట్టి కేకలేస్తారు. పాపం, లోపం ఉన్నది స్వరపేటికలో. అక్కడ కూడా అది లోపం కాదు, ఎదుగుదల.

ఆ గీతం స్వరాలు దాదాపు శంకరాభరణానివే. కిందికి మంద్ర నిషాదం దాకా దిగుతుంది, చివర జయధ్వానాల దగ్గర తార షడ్జం ఎక్కుతుంది. అంటే ఒక స్థాయి, మీద ఒక మెట్టు. పెద్దవాళ్ళకు ఇది లెక్కలోనిది కాదు. గొంతు మారుతున్న కుర్రవాడికి కొన్ని నెలలపాటు గట్టిగా నిలిచేవి అయిదారు స్వరాలే. అంచేత పైకి వెళ్ళే చోట వాడు నోరు మూసుకుంటాడు. లౌక్యం తెలిసిన పిల్లవాడు.

ఈ పాటకు మన రాష్ట్రంలోనే ఒక సంగీత పాఠం చరిత్ర ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చినప్పుడు, ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ అక్కడి విద్యార్థులతో పాడించి చూస్తూ బాణీని స్వరాల్లో రాసిపెట్టారు. ఆమె పాశ్చాత్య సంగీతం చదువుకున్న మనిషి. అదే ఏడాది విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల తెరుచుకుంది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులు. ఒకే ఏడు రెండు చోట్ల రెండు పద్ధతులు మొదలయ్యాయన్నమాట: గుంపుగా నిలబెట్టి పాడించడం, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి నేర్పడం. మన బడులకు మొదటిది వచ్చింది గానీ దానికి తగిన పాఠం రాలేదు.

గొంతు సంగతికి వద్దాం. హార్మోనియం మెట్ల మీద తెల్లవాటిని ఒకటి, రెండు, మూడు అనీ, నల్లవాటిని ఒకటిన్నర, రెండున్నర అనీ మనవాళ్ళు లెక్కపెడతారు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు అయిదు, ఆరు దగ్గర షడ్జం పెట్టుకుంటే సరిపోతుంది. పన్నెండు, పదిహేనేళ్ళ మధ్య మగపిల్లల స్వరపేటిక పెరుగుతుంది, స్వరతంత్రులు పొడవై మందమవుతాయి. సుమారు 250 హెర్ట్జ్ దగ్గర మాట్లాడిన పిల్లవాడు 120 దగ్గరికి దిగుతాడు, అంటే రమారమి ఒక స్థాయి. అయిదున్నర వాడు ఒకటికో ఒకటిన్నరకో చేరతాడు. చేరడం మాత్రం వరసగా జరగదు. సోమవారం మూడు శ్రుతిలో పలికినవాడు గురువారం నాలుగులో కీచుమంటాడు. ఆడపిల్లల గొంతూ మారుతుంది. దిగేది రెండు మూడు మెట్లే, గాలి కలిసినట్టు కొంచెం పల్చబడుతుంది. అది ఎవరూ పట్టించుకోరు గనక వాళ్ళకు ఎగతాళి తప్పుతుంది.

ఐరోపాలో ఒకప్పుడు ఈ దశలో పిల్లవాణ్ణి అసలు పాడనివ్వకూడదనేవారు. అమెరికాలో జాన్ కుక్సీ 1970లలో ఈ మార్పును దశలుగా విడదీసి, ఏ దశలో ఏ స్వరాలు తేలిగ్గా పలుకుతాయో చూపించాడు. ఒత్తిడి లేకుండా, ఉన్న స్వరాల్లోనే పాడిస్తే నష్టం లేదన్నది ఇప్పటి అభిప్రాయం. మన ఊళ్ళలో ఈ చర్చ ఎప్పుడూ రాలేదు. గొంతు బొంగురుపోగానే పిల్లవాడు తనంతట తానే మానేస్తాడు, ఇంట్లోవాళ్ళు ట్యూషన్‌లో వేస్తారు, సమస్య పరిష్కారమైపోతుంది.

మరి మన పాఠక్రమం ఏమంటుంది? పురందరదాసు పేరున వస్తున్న వరస అందరికీ తెలిసిందే. మాయామాళవగౌళలో సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు, తర్వాత గీతం, స్వరజతి, వర్ణం, ఆ తర్వాతే కృతి. దీనిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయితే ఇది ఆరేడేళ్ళ పిల్లకీ ఒక గురువుకీ మధ్య నడిచే పాఠం. శ్రుతి ఒకటే, పాడే గొంతు ఒకటే, తొందర లేదు. కోనసీమ శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ పదేళ్ళు నిండకముందే కచేరీ చేశారు. గొంతు మారే వేళకు ఆయనకు సంగీతం మాతృభాష. హైస్కూలు వయసులో మొదలుపెట్టినవాడి కథ వేరు. ఘంటసాల తండ్రిని పోగొట్టుకుని, ఆ వయసు కుర్రాడిగా విజయనగరం వెళ్ళారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆశ్రయమిచ్చి పాఠం చెప్పారు, ఘంటసాల ఇంటింటా మధుకరం ఎత్తి కడుపు నింపుకున్నారు. అలాంటి పట్టుదల నలభైమంది ఉన్న తరగతిలో, అందులోనూ ఏడో పీరియడ్‌లో, ఆశించడం ధర్మం కాదు.

ప్రభుత్వం వైపు నుంచి చూస్తే కాగితం మీద కొరతేమీ లేదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళలు తప్పనిసరి అంది. 2009 విద్యాహక్కు చట్టం, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వందకు మించితే కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకుణ్ణి పెట్టమంది. సీబీఎస్‌ఈలో తొమ్మిది, పది తరగతులకు కర్ణాటక గాత్రం ఐచ్ఛిక విషయం. పెదవేగి లాంటి నవోదయ విద్యాలయాలకు సంగీతం టీచరు పోస్టు ఉంది. మామూలు జిల్లా పరిషత్ హైస్కూల్లో మాత్రం టైంటేబుల్ మీద కళల పీరియడ్ ఉంటుంది, లోపల లెక్కల మాస్టారు ఉంటారు. పట్టిసీమ దగ్గర గోదావరిని ఎత్తిపోయడానికి 24 పంపులు బిగించారు. పిల్లల గొంతు ఎత్తించడానికి ఒక్క పోస్టు బరువైపోయింది. పదో తరగతి పరీక్షలో లేనిది బడిలో ఉండదన్న సూత్రం న్యూటన్ సూత్రాలకంటే గట్టిది.

అందుకని పోస్టు వచ్చేదాకా ఆగకుండా, బడిలో ఇప్పటికే ఉన్న సంగీతం ఏమిటో చూడాలి. అది తెలుగు మాస్టారి దగ్గరుంది. తొమ్మిది, పది తరగతుల పిల్లలు గణ విభజన నేర్చుకుంటారు. పద్యపాదం మీద నిలువుగీత పెడితే లఘువు, గిన్నెలాంటి గుర్తు పెడితే గురువు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఇది లయను కాగితం మీద రాసే లిపి. మార్కుల కోసం గీతలు గీయిస్తాం గానీ, వాటిని చేతితో కొట్టి చూడమని ఎవరూ చెప్పరు.

కొట్టి చూస్తే ఏం తెలుస్తుందో ఒక ఉదాహరణ. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ గణాలు. మాత్రలు లెక్కకడితే నాలుగు, అయిదు, మూడు, నాలుగు, నాలుగు, అయిదు, మూడు: మొత్తం 28. చంపకమాలకు న, జ, భ, జ, జ, జ, ర. మూడు, తర్వాత అయిదు నాలుగులు, చివర అయిదు: ఇదీ 28. అక్షరాలు మాత్రం ఒకదానికి 20, రెండోదానికి 21. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడగొడితే చంపకమాల వచ్చేస్తుంది. శార్దూలం 30, మత్తేభం 30, అక్కడా అదే కిటుకు. తరగతిని సగం చేసి, ఒక సగం ఉత్పలమాల లఘుగురువుల్నీ రెండో సగం చంపకమాల లఘుగురువుల్నీ ఒకేసారి చప్పట్లతో కొడితే, మొదటి చోట తప్ప ఎక్కడా తేడా రాదు. పది నిమిషాల పని. గొంతు అక్కర్లేదు, కాబట్టి ఎనిమిదో తరగతి అబ్బాయి మొట్టమొదటిసారి ధైర్యంగా పాల్గొంటాడు.

ఇక పద్యాన్ని పాడే విషయం. నాటకాల్లో పద్యానికి తాళం లేదు. పాడేవాడు తనకు వీలైన శ్రుతి ఎంచుకోవచ్చు, ఊపిరి తీసుకోవలసిన చోట ఆగవచ్చు, అందని స్వరం దగ్గర మర్యాదగా పక్కకు తప్పుకోవచ్చు. మారుతున్న గొంతుకు ఇంతకంటే దయగల ప్రక్రియ లేదు. అదీ కాక ఈ సొమ్ము గోదావరి జిల్లాలదే. పల్లెపల్లెనా మోగిన పాండవోద్యోగ విజయాల పద్యాలు రాసిన తిరుపతి వేంకట కవుల్లో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు పుట్టింది కడియంలో, దివాకర్ల తిరుపతిశాస్త్రి గారిది భీమవరం దగ్గర యండగండి. చెళ్ళపిళ్ళ వారు బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పండితులు, అక్కడ ఆయన శిష్యుల్లో విశ్వనాథ సత్యనారాయణ ఒకరు. పద్యం హైస్కూలుకు కొత్త చుట్టమేమీ కాదు. శివరాత్రి జాగారానికి పౌరాణిక నాటకం వేయించి, రాగం బాగా తీసినవాడికి వన్స్‌మోర్ కొట్టిన ఊళ్ళు ఇవి. ఇప్పుడు ఆ పని పాపికొండల లాంచీ మీద స్పీకరు చేస్తోంది, వన్స్‌మోర్ అడిగినా అడక్కపోయినా.

పద్యం చేతిలో ఉంటే రాగం చెప్పడం తేలిక. ఒక ఆటవెలది తీసుకుని మోహనలో పాడించండి, అయిదు స్వరాలే గనక దారి తప్పరు. మర్నాడు అదే పద్యం హిందోళంలో. మాట మారలేదు, భావం ఎందుకు మారిందని అడగండి. పిల్లలు చెప్పే జవాబులు సంగీత శాస్త్ర గ్రంథాల్లో దొరకవు, తప్పు కూడా కావు.

గుంపుగా పాడించడానికీ మనకు సొంత ఏర్పాటుంది. బుర్రకథలో కథకుడు ఒకడు, వంతలు ఇద్దరు. కథ పాడేవాడికి పైస్థాయి కావాలి, వంతకు నాలుగైదు స్వరాలు చాలు. గొంతు కుదిరినవాళ్ళకు కథ, మారుతున్నవాళ్ళకు వంత, పూర్తిగా దిగిపోయినవాళ్ళకు షడ్జ పంచమాలు పట్టి ఉంచే పని. ఎవరూ పెదవులు మాత్రం కదపక్కర్లేదు. అల్లూరి సీతారామరాజు కథ సాంఘికశాస్త్రం పుస్తకంలో ఎలాగూ ఉంది.

పోలవరం మండలంలో కోయ, కొండరెడ్డి పిల్లలు చదివే బడులున్నాయి. రేలా పాటా, డోలు దెబ్బా వాళ్ళు ఇంటి దగ్గరే నేర్చుకుని వస్తారు. బడిలో వాటిని ఆగస్టు పదిహేనుకు ఈకల తలపాగాతో ఒకసారి చూపించి, మళ్ళీ పెట్టెలో పెట్టేస్తాం. హంగేరీలో జోల్తాన్ కొడాయ్ బడి సంగీతాన్ని పిల్లల సొంత జానపదాలతోనే మొదలుపెట్టాలన్నాడు, ఆ దేశం విన్నది. ఇక్కడ నేదునూరి గంగాధరం గారు జానపద గేయాలు సేకరించి ‘మిన్నేరు’ లాంటి పుస్తకాలు వేశారు. వాటిలోంచి తరగతికి నాలుగు పాటలు ఏరడం తెలుగు ఉపాధ్యాయులకు ఒక సెలవురోజు పని.

హెడ్మాస్టర్లకు ఒక మనవి. కళల పీరియడ్‌ను వారానికి ఒక్కటైనా భోజనానికి ముందు వేయండి, దాన్ని తెలుగు మాస్టారికే అప్పగించండి. ప్రార్థనకు శ్రుతిపెట్టె లేకపోతే ఫోన్‌లో తంబూరా పెట్టండి, అయిదున్నర నుంచి నాలుగుకు దించండి. వెనక వరసలోని అబ్బాయిలను కింది స్థాయిలో పాడుకోనివ్వండి. డ్రిల్లు మాస్టారికి మాత్రం ముందే చెప్పి ఉంచండి.