చలనచిత్రం నుంచి వీడియో గేమ్: పేరు ఒకటే, ఆట వేరు

మాయలు, మంత్రాలు, రాక్షసులు, దివ్యాయుధాలు నిండిన చలనచిత్రం ఒకటి ఘనవిజయం సాధిస్తే, అదే పేరుతో వీడియో గేమ్ కూడా రావడం సర్వసాధారణం. చిత్రం చూసి వచ్చిన పిల్లవాడు ఆ కథానాయకుని బొమ్మ ఉన్న గేమ్ కావాలని మారాం చేస్తాడు. తెలిసిన సినిమాయే కదా అని పెద్దలూ సమ్మతిస్తారు. కానీ సినిమా బాగున్నంత మాత్రాన గేమ్ బాగుండాలన్న నియమం లేదు. ఒకే కథ నుంచి పుట్టిన గేమ్‌లలో కొన్ని రాణించి, కొన్ని చతికిలపడడానికి స్పష్టమైన కారణాలున్నాయి. డబ్బు, పిల్లల సమయం రెండూ వెచ్చించే కుటుంబాలు వాటిని తెలుసుకోవడం మేలు.

చూడడం వేరు, ఆడించడం వేరు

తోలుబొమ్మలాట మన ప్రాంతాలవారికి కొత్త కాదు. తెర ముందు కూర్చున్నవారు కథను చూస్తారు. తెర వెనుక ఉన్నవాడు బొమ్మ పుల్లలు పట్టుకొని కథను నడుపుతాడు. సినిమా ప్రేక్షకుడు మొదటివాని వంటివాడు. గేమ్ ఆడేవాడు రెండవవాని వంటివాడు. సినిమాలో నాయకుడు కంటతడి పెడితే మనమూ పెడతాం. గేమ్‌లో మాత్రం "ఇప్పుడు నేను ఏమి చేయాలి?" అన్నదే ప్రధాన ప్రశ్న. ఆ ప్రశ్నకు నిర్మాతలు చక్కని సమాధానం కనుగొనకపోతే, కథ ఎంత గొప్పదైనా ఆట నీరసంగానే ఉంటుంది.

గడువు తెచ్చిన చేటు

ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ 'ఈ.టి.'. స్టీవెన్ స్పీల్‌బర్గ్ దర్శకత్వంలో ఈ చిత్రం 1982 జూన్‌లో అమెరికాలో విడుదలై అఖండ విజయం సాధించింది. అన్య గ్రహం నుంచి వచ్చిన ప్రాణికీ ఒక బాలునికీ మధ్య స్నేహమే దాని కథ. అటారీ సంస్థ గేమ్ హక్కులు పొందేసరికి జూలై నెల ముగియవచ్చింది. క్రిస్మస్ అమ్మకాలకు సరుకు సిద్ధం కావాలి. ఫలితంగా హోవర్డ్ స్కాట్ వార్షా అనే ప్రోగ్రామర్ సుమారు ఐదు వారాలలోనే గేమ్ మొత్తం తయారు చేయవలసివచ్చింది. ఆ కాలంలో ఇటువంటి పనికి నెలల తరబడి వ్యవధి తీసుకునేవారు.

సినిమాలోని స్నేహం గేమ్‌లోకి రాలేదు. గుంటలలో దిగి ఫోన్ యంత్రపు ముక్కలు వెతకడమే ఆటగా మిగిలింది. పైకి వచ్చిన ప్రాణి మళ్లీ మళ్లీ అదే గుంటలో పడిపోతుంటే పిల్లలు విసిగిపోయారు. లక్షలకొద్దీ కార్ట్రిడ్జిలు అమ్ముడుపోక మిగిలాయి. 1983లో అటారీ తన మిగులు సరుకును న్యూ మెక్సికో రాష్ట్రంలోని అలమొగార్డో పట్టణపు చెత్త మైదానంలో పూడ్పించింది. 2014 ఏప్రిల్‌లో అక్కడ తవ్వినప్పుడు ఈ గేమ్ కార్ట్రిడ్జిలు ఇతర గేమ్‌లతో పాటు బయటపడ్డాయి. ఇక్కడ లోపం ప్రోగ్రామర్ నైపుణ్యానిది కాదు, అతనికిచ్చిన గడువుది.

ఒకే కథ, రెండు హక్కులు

రెండవ కారణం హక్కుల పంపకం. జె.ఆర్.ఆర్. టోల్కీన్ రచించిన 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' 1954, 1955 సంవత్సరాలలో గ్రంథరూపంలో వెలువడింది. పీటర్ జాక్సన్ దానిని మూడు చిత్రాలుగా మలచగా, అవి 2001, 2002, 2003 డిసెంబర్ మాసాలలో విడుదలయ్యాయి. గేమ్‌ల విషయంలో మాత్రం చిత్రాల ఆధారంగా తయారుచేసే హక్కు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు, గ్రంథం ఆధారంగా తయారుచేసే హక్కు వివెండీకి లభించాయి.

అందువల్ల 2002లో ఒకే కథా ప్రపంచం నుంచి రెండు వేర్వేరు గేమ్‌లు వచ్చాయి. వివెండీ వారి 'ద ఫెలోషిప్ ఆఫ్ ద రింగ్'లో చిత్ర నటుల ముఖాలు గాని, చిత్ర సంగీతం గాని లేవు. కాని గ్రంథంలో ఉండి సినిమాలో కనిపించని టామ్ బాంబడిల్ అనే పాత్ర అందులో ఉంది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారి 'ద టూ టవర్స్'లో చిత్ర దృశ్యాలు, సంగీతం, నటుల రూపురేఖలు అన్నీ ఉన్నాయి. మొదటిదాని పేరు మొదటి సినిమా పేరే గనుక, అట్టపెట్టె మీది పేరు చూసి కొన్నవారికి సినిమా నాయకులు కనిపించకపోవడంలో వింత లేదు.

విజయం ఎలా సాధ్యమైంది?

'ద టూ టవర్స్' గేమ్ 2002 అక్టోబర్‌లో, అంటే అదే పేరు గల చిత్రం కంటే ముందే విడుదలైంది. దీనికీ గడువు ఉంది. అయినా ఆదరణ పొందింది. మూడు చిత్రాల ప్రధాన చిత్రీకరణ 1999, 2000 సంవత్సరాలలో ఒకేసారి జరిగినందున వేషాలు, ఆయుధాలు, కోటల రూపాలు ఎప్పుడో స్థిరపడి ఉన్నాయి. పైగా ఈ గేమ్‌లో మొదటి చిత్రంలోని ఘట్టాలు కూడా ఉన్నాయి.

అంతకంటే ముఖ్యం, నిర్మాతలు కథ మొత్తాన్ని చెప్పబూనలేదు. ఆరగార్న్, లెగొలాస్, గిమ్లీ అనే ముగ్గురు యోధులను ఎంచుకొని, యుద్ధ ఘట్టాలనే ఆటగా మలిచారు. సినిమా దృశ్యం నడుస్తూ నడుస్తూ గేమ్ దృశ్యంలోకి కరిగిపోతుంది. అప్పటివరకు చూస్తున్నవాడు మరుక్షణం ఖడ్గం చేతబట్టి పోరాడవలసివస్తుంది. "ఏమి చేయాలి?" అన్న ప్రశ్నకు ఇక్కడ సమాధానం దొరికింది. 2003 నాటి 'ద రిటర్న్ ఆఫ్ ద కింగ్' గేమ్‌లో ఇద్దరు కలిసి ఒకే పక్షాన పోరాడే వెసులుబాటు కూడా కల్పించారు.

హ్యారీ పాటర్ కథ మరొక పాఠం నేర్పుతుంది. 2001 నుంచి 2011 వరకు వచ్చిన చిత్రాలకు అనుబంధంగా ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ గేమ్‌లు వెలువరించింది. 2001 నాటి మొదటి గేమ్‌ను కంప్యూటర్‌కు ఒక బృందం, ప్లేస్టేషన్‌కు మరొక బృందం తయారుచేశాయి. పేరు ఒకటైనా ఆటలు వేరు. ఇక 2023 ఫిబ్రవరిలో వచ్చిన 'హాగ్వర్ట్స్ లెగసీ' ఏ చిత్రానికీ అనుబంధం కాదు. కథాకాలం కూడా హ్యారీ పుట్టుకకు సుమారు వందేళ్ల ముందుది. తోడుగా సినిమా విడుదల తేదీ లేదు గనుక నిర్మాతలు గేమ్‌ను పలుమార్లు వాయిదా వేసుకోగలిగారు. అది విశేషంగా అమ్ముడుపోయింది.

మాహిష్మతి ఫోన్‌లోకి వచ్చినప్పుడు

మన తెలుగు చిత్రానికీ ఈ చరిత్రలో స్థానం ఉంది. 2017లో 'బాహుబలి 2' విడుదలైన రోజులలోనే బెంగళూరుకు చెందిన మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ 'బాహుబలి: ద గేమ్'ను మొబైల్ ఫోన్లకు అందించింది. కోట కట్టి, సైన్యాన్ని పెంచి, కాలకేయులను ఎదిరించడం దాని సారం. మిడిల్ ఎర్త్ యుద్ధాలపై 2004లో వచ్చిన 'ద బ్యాటిల్ ఫర్ మిడిల్ ఎర్త్' గేమ్‌కు సారథ్యం వహించిన మార్క్ స్కాగ్స్ అప్పట్లో మూన్‌ఫ్రాగ్‌లో ఉండడం గమనార్హం.

ఇక్కడ వ్యాపార పద్ధతి మారింది. పూర్వం గేమ్‌ను ఒకసారి కొంటే సరిపోయేది. ఫోన్ గేమ్‌లలో చాలా భాగం ఉచితంగా లభిస్తాయి. ఆట లోపల మాత్రం కొనుగోళ్లు ఉంటాయి. కోట గోడ లేవడానికి గంటల తరబడి వేచి ఉండాలి, లేదా రత్నాలు కొని తక్షణం పూర్తిచేసుకోవాలి. పిల్లవాని తొందరపాటే వ్యాపారికి ఆదాయం.

కుటుంబాలు గమనించవలసినవి

మన సరిహద్దు గ్రామాలలో పిల్లవాడు ఇంట తెలుగు మాట్లాడతాడు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో చదువుతాడు. గేమ్‌లోని హెచ్చరికలు మాత్రం ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. అది చదవలేని పిల్లవానికి, డబ్బు చెల్లించే మీట కూడా ఆటలో మరొక మీటగానే తోచవచ్చు. పైగా చాలా ఇళ్లలో పిల్లవాడు ఆడేదీ తండ్రి బ్యాంకు ఖాతా ఉన్నదీ ఒకే ఫోన్. కనుక ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో అమర్చుకోవాలి. ఆ పాస్‌వర్డ్‌ను, యూపీఐ పిన్‌ను పిల్లలకు చెప్పరాదు.

గేమ్ పేరు దగ్గరనే ఏ వయసు వారికి తగినదో తెలిపే అంకె ఉంటుంది; దానిని తప్పక చూడాలి. సినిమా పిల్లలు చూడదగినదైనా గేమ్‌లో హింస ఎక్కువగా ఉండవచ్చు. తయారుచేసిన సంస్థ పేరు కూడా పరిశీలించాలి. ప్రసిద్ధ చిత్రాల పేర్లు వాడుకొని అనుమతి లేకుండా తయారైన యాప్‌లు పుట్టుకొస్తూనే ఉంటాయి.

అన్నిటికీ మించి, డబ్బు పెట్టే ముందు పెద్దలు పిల్లవాని పక్కన కూర్చొని అరగంట ఆట చూడాలి. "ఇందులో నీవు చేసేది ఏమిటి?" అని అడగాలి. పిల్లవాడు ఉత్సాహంగా వివరిస్తే ఆ గేమ్‌లో కొంత సరుకు ఉన్నట్టే. "తరువాతిది రావాలంటే డబ్బు కట్టాలి" అన్నదే సమాధానమైతే, ఆ గేమ్‌లో సినిమా పేరు తప్ప మరేమీ లేదని గ్రహించవచ్చు.