జగ్గయ్యపేట స్తూపము: సమాధి ఎవరిది?

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల నుండి మన కళాశాలకు వచ్చు విద్యార్థులలో ధనంబోడు పేరు విననివారు అరుదు. అక్కడ ఏమున్నదని అడిగినచో మాత్రము సమాధానములు పలు విధములుగా వచ్చును. అది ఆచార్య నాగార్జునుని సమాధి యని మా తరగతిలోనే ఒకరు ధీమాగా చెప్పినారు. ఆ మాట ఎంతవరకు నిలుచునో చూతము.

స్తూపము పుట్టుకతో సమాధియే. చితాభస్మమునో, అస్థికలనో నిక్షేపించి, పైన మట్టితోను ఇటుకలతోను కట్టిన దిబ్బ. అయితే స్తూపములన్నిటను అస్థికలుండవు. దేహధాతువులున్నది శారీరకము, ఆ మహనీయుడు వాడిన వస్తువులున్నది పారిభోగికము, కేవలము స్మృత్యర్థము కట్టినది ఉద్దేశికము. మన ఎరుకలోనే పీరు దేహమున్న మజారు వేరు, ఆయన పేరిట వెలసిన చిల్లా వేరు కదా! కనుక దిబ్బను చూచినంతనే సమాధి యని నిశ్చయింపరాదు.

జేమ్స్ బర్జెస్ ఈ స్తూపమును 1882లో పరిశోధించెను. అప్పటికే చాలా రాళ్ళు తరలిపోయినవి. పూర్వము బేతవోలుగా నున్న ఈ ఊరికి తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టిన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుని కాలముననే అమరావతి స్తూపపు రాళ్ళు కొత్త పట్టణ నిర్మాణమునకు పోయినవి. ఇచట మిగిలిన దిబ్బ అడ్డుకొలత సుమారు 31½ అడుగులు. లోపల మట్టి పొర, దానిపై పెద్ద ఇటుకల పరుపు, మరల మట్టి. ఈ వరుసయే పరిశోధకునకు పుస్తకము. మేము ఆ స్థలమునకు పోయినప్పుడు ఒక విద్యార్థి ఇటుక ముక్కను సంచిలో వేసికొనగా తిరిగి అక్కడనే పెట్టించితిమి. చోటు తప్పిన ఇటుక ఇక ఏ సాక్ష్యమును చెప్పలేదు.

అసలు సాక్ష్యము శాసనములలో నున్నది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరమున, అనగా క్రీ.శ. 3వ శతాబ్దిలో, నాగచంద్రుని కుమారుడగు సిద్ధార్థుడను శిల్పి తూర్పు ద్వారమున అయిదు ఆయక స్తంభములు నిలిపెను. తల్లి నాగిలానిని ముందుంచుకొని, భార్యను, బిడ్డలను పేర్కొని, సర్వప్రాణుల హితసుఖముల కొరకని వ్రాయించెను. రాజు పేరు ఇందులో కాలమును తెలుపుటకే. దాత ఒక పనివాడు! మాకు ఈ శాసనమున మిక్కిలి నచ్చినది ఇదియే. వెలగిరిపై నున్న ఆ కట్టడమును అతడు భగవాన్ బుద్ధుని మహాచైత్యమనియే పిలిచినాడు. ఏ ఆచార్యుని ప్రసక్తియు లేదు.

మరి నాగార్జునుని పేరు ఎట్లు వచ్చినది? అది వేరొక శాసనము. లిపిని బట్టి సుమారు క్రీ.శ. 6వ శతాబ్దిది, భాష సంస్కృతము. నాగార్జునాచార్యుని శిష్యుడు జయప్రభుడు, అతని శిష్యుడు చంద్రప్రభుడు బుద్ధప్రతిమను చేయించెనని మాత్రమే అందున్నది. సమాధి మాట లేదు. పైగా మాధ్యమిక దార్శనికుడగు నాగార్జునుడు 2వ శతాబ్ది ప్రాంతమువాడని పెక్కురి మతము. అతని శిష్యుని శిష్యుడు నాలుగు వందల ఏండ్ల తరువాత జీవించియుండుట అసంభవము. ఈయన అదే పేరుగల మరియొక ఆచార్యుడని తలచుటయే యుక్తము.

ధాతువులున్నచో ఎట్లు తెలియునన్న, భట్టిప్రోలు చూడుడు. 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వకములో రాతి భరిణెలు, వాటిలో స్ఫటిక భరిణె, అస్థిశకలములు దొరకినవి. బుద్ధుని శరీరధాతువుల కొరకని భరిణెపైననే చెక్కియున్నది. అచట అక్షరమే సమాధిని చెప్పినది.

ధనంబోడు నుండి పోయిన రాళ్ళలో ప్రసిద్ధమైనది చెన్నై ప్రభుత్వ మ్యూజియములో నున్నది. మాంధాత చక్రవర్తి చేయి ఎత్తి నిలువగా మేఘముల నుండి నలుచదరపు నాణెములు వర్షించుచున్నవి. దిబ్బకు ధనంబోడు అని పేరు వచ్చుటకు ఆ శిల్పమునకు సంబంధమున్నదేమో యని మాకొక సరదా ఊహ. ఋజువు లేదు కనుక పరీక్షలో వ్రాయవలదు.